తిన్నగా వచ్చిన గీతలు

తెల్లవారుతోంది. ల్యూబా ఆగదు. కాళ్ళకి స్కీలు, భుజాన తుపాకీ... ముందు మంచులో పెద్దపులి అడుగులు!

పక్కనే రెండు చిన్న అడుగుల వరసలు. తల్లీ, పిల్లలూ.

పుల్లతో అడుగు అంచు గీకుతుంది. పాతదైతే గడ్డకట్టి ఉండాలి. ఇది పిండిలా రాలుతోంది. గంట కూడా కాలేదు!

ఆ మూడింటినీ దొంగ వేటగాళ్ళ కంట పడకుండా బికిన్ నది దాటించాలి. ఈ లోయలో మిగిలిన తల్లిపులి అదొక్కటే.

"మామయ్యా, పెద్దమ్మ కనుమకేసి పోతోంది" అని వాకీటాకీలో ఎప్పుడో చెప్పింది. పెద్దపులిని వాళ్ళు పిలిచేది అలాగే. ఆర్కాదీ ఆమె మేనమామ, గస్తీలో జోడీ. మోకాలు బెణికిందని గుడిసెలోనే ఉండిపోయాడు.

కనుమ కింద అడుగులు చటుక్కున కుడికి తిరిగాయి. ఎందుకు? పైకెక్కి చూస్తుంది...

స్కీల గీతలు. కూలిన చెట్టు వెనక ఎవడో బోర్లా పడుకుని కాపు కాసిన గుంట. ఇప్పుడు ఖాళీ. వాడి వాసన పట్టి పులి తప్పుకుంది.

జాడ వెతికేవాడి గీతలు వంకర్లు పోతాయి. వీడు తిన్నగా వచ్చాడు. ఎక్కడికి రావాలో ముందే తెలుసు.

తను చెప్పింది ఒక్కరికే...

ఛీ! మామయ్యనా అనుమానించేది! అయినా తేల్చుకోవాలని వాకీటాకీ బటన్ నొక్కుతుంది.

"మామయ్యా... ఎడమకి మళ్ళింది. కాలిన చెట్ల గుట్ట దగ్గరుంది."

"సరే తల్లీ. నువ్వు దగ్గరికి పోకు."

ఆ గుట్టకి తనే పరుగెడుతుంది. మంచు కురవడం మొదలైంది. ఎవడొచ్చినా సరే, మామయ్య కాకపోతే చాలు!

పావుగంట.

వచ్చాడు. కుంటడం లేదు.

"కాలు నయమైందా మామయ్యా?"

ఆర్కాదీ ఉలిక్కిపడి, అంతలోనే నవ్వుతాడు. "నాకే టోపీ పెట్టావే! పులేది?"

"పెద్దమ్మ మీద తుపాకీ ఎత్తితే చెయ్యి పడిపోతుందని నేర్పింది నువ్వేగా!"

"అప్పుడు చిన్నపిల్లవి, చెప్పా. ఎటు పోయింది? మంచు జాడంతా కప్పేస్తోంది!"

బెదిరిద్దామని ల్యూబా తుపాకీ గాల్లోకెత్తి మీట నొక్కుతుంది.

టిక్!

"గుళ్ళు నా జేబులో ఉన్నాయ్ తల్లీ."

చలికాలం తుపాకీలు గుడిసెలోకి తేరు. వెచ్చదనానికి చెమ్మపట్టి, బయటికి రాగానే బిగుసుకుపోతాయి. అందుకే రాత్రంతా బయటి మేకులకే. ఒకరిది ఇంకొకరు ముట్టుకోరు, తాతల నాటి కట్టుబాటు. దాన్నీ తుంగలో తొక్కాడు!

"చెప్పవే!" అతని తుపాకీ ఆమె గుండెకేసి లేచింది.

ల్యూబా వెనుదిరిగి నడుస్తుంది. ఎత్తుకుని పెంచినవాడు... వెనక నుంచి కాల్చడు.

ఒక అడుగు. రెండు. మూడు...

ఢాం! ల్యూబా మంచులో బోర్లా కూలింది; పెద్దమ్మ జాడని మంచు కప్పేస్తూనే ఉంది.