పన్నెండు బొమ్మల కోత

చంద్రశిల రాజ్యంలో వరి పండి ఒరిగిపోయింది, కోసే మనిషి లేడు. రాజు మణికంధరుడికి కోట పిచ్చి. ఒకేసారి అయిదు బురుజులు లేపమని జనాన్ని ఊపిరాడనివ్వకుండా తోలాడు. అలసి కూలబడినవాళ్ళనల్లా గండకుడనే మాంత్రికుడు కొయ్యబొమ్మలుగా మార్చి ఎత్తుకుపోయాడు. పని చేయించడం రాని రాజుకు వేరే శత్రువెందుకు చెప్పండి?

అలా పోయినవాళ్ళలో కూలీల మేస్త్రి సన్యాసి ఒకడు. అతని కూతురు పైడమ్మ, తండ్రి లేకుండా తిరిగి రానని కొడవలి నడుముకు దోపుకుని బయలుదేరింది. ముళ్ళ అడవిలో దారి కోసుకుంది. ఏటిదగ్గర మొసలి అడ్డగిస్తే, దాని పంటి సందున ఇరుక్కున్న ఎముక పీకింది. అప్పుడు ఆ మొసలే ఆమెను వీపుమీద ఎక్కించుకుని అవతలి ఒడ్డున దించింది.

గండకుడి గుహలో పెద్ద పలకమీద చిన్న రాజ్యం ఉంది. పొలాలు, ఇటుకబట్టీ, బురుజులు, పన్నెండు బొమ్మలు. అందులో ఒకటి సన్యాసి. బొమ్మలు ఆమె చెప్పిన పని చేస్తాయనీ, పొద్దుగూకేలోగా పంటంతా కళ్లం చేర్చగలిగితే అవన్నీ మనుషులవుతాయనీ, లేకుంటే పైడమ్మా బొమ్మేననీ గండకుడు చెప్పాడు. అంతకుముందు వచ్చిన ముగ్గురు రాకుమారులు బొమ్మలను తలా ఒక పనికి పంచి ఓడిపోయారట.

పైడమ్మ ముందు బట్టీ ఆర్పించింది, బురుజుల పని ఆపించింది. ఒకరిని గంజి కాయమని చెప్పి, మిగతా పదకొండుమందినీ ఒకే మడిలో దించింది. వాళ్ళ ఊళ్ళో కోతలు అంతే. ఇవాళ అందరూ ఒకరి చేనికి, రేపు అందరూ ఇంకొకరి చేనికి. పని చకచకా సాగింది. ఓర్వలేని గండకుడు నలుగురికి జ్వరం తెప్పించాడు. పైడమ్మ వాళ్ళను నీడన పడుకోబెట్టింది. పొద్దు వాలేసరికి ఒక్క మడి మిగిలిపోయింది.

"ఆ నలుగురినీ లేపు, గెలుస్తావు" అన్నాడు గండకుడు.

"జొరంతో ఉన్నోళ్ళని లేపను" అంటూ పైడమ్మ కొడవలి తీసింది.

"పలకమీద కాలు పెడితే కొయ్యబారిపోతావు."

"మా అయ్య మేస్తిరే. ఆయనా వొంగి కోస్తాడు."

ఆమెకు భయం వేయకపోలేదు. అయినా పలకమీదికి దిగి, బొమ్మలంత చిన్నదై తండ్రి పక్కన వరుస పట్టింది. పాదాలు, మోకాళ్ళు, నడుము కొయ్యయిపోయాయి. చేతులు మాత్రం ఆగలేదు. ఆఖరి మోపు కళ్లానికి చేరగానే మాయ విరిగి బొమ్మలన్నీ మనుషులై లేచాయి, పైడమ్మా మామూలు మనిషైంది. గండకుడే బొమ్మయిపోయాడు.

ఎందుకు దిగావే తల్లీ అని సన్యాసి ఏడ్చాడు.

"నీ వరసలో మనిసి తక్కువైంది అయ్యా" అంది పైడమ్మ.

అందరినీ వెంటబెట్టుకుని తిరిగొచ్చిన పైడమ్మను, జరిగింది విన్న రాజు మంత్రిని చేశాడు. ఆమె మొదటి ఆజ్ఞ రాజుకే: కోతలయ్యేదాకా కోట పని ఆగాలి, ఆయనా కొడవలి పట్టాలి. మూడోనాటికి నడుం పట్టేసిన మణికంధరుడు, అయిదు బురుజుల్లో నాలుగు అక్కర్లేదన్నాడు.