నీడను రాసుకునే మనిషి

మూడు రోజులుగా ఆ మనిషి ఎదురుగా చాయ్ హోటల్ బెంచీ మీదే కూర్చుంటున్నాడు. ఇటు చూస్తాడు, గడియారం చూస్తాడు, నోటుబుక్కులో ఏదో రాసుకుంటాడు.

కోరుట్లలో ఆ పెంకుటిండ్ల వరుసలో మూలగది మనీషాది. ఇంటర్ మధ్యలో మానేసినప్పటి నుంచీ ఆమె బతుకంతా ఆ గదిలోని కుట్టుమిషనే. బయట అరుగు మీద తల్లి లసుమవ్వ, ఇంకో ఐదుగురు ఆడవాళ్లు చేటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడతారు.

"బిడ్డా, గా పిలగాడు నిన్నే సూత్తుండు," అంది లసుమవ్వ.

"నన్ను గాదే అవ్వా. మన జాగను సూత్తుండు."

ఆ అనుమానానికి కారణం ఉంది. ఆ వరుస నర్సింగ్ రావుది. పాతది కూల్చి కింద దుకాణాలు, పైన ఇండ్లు కడతానని, ఇప్పుడున్న వాళ్లకే మళ్లీ గదులిస్తానని ఆయన చెప్పాడు. చెప్పాడు, అంతే. కాగితం లేదు.

నాలుగో రోజు మనీషా మెడలో టేపుతోనే రోడ్డు దాటింది.

"ఏం రాస్తున్నరు సారూ?"

అతను తడబడి లేచాడు. చాయ్ ఒలికింది. "నీడ."

"ఏందీ?"

"నీడ ఎటు జరుగుతుందో రాస్తున్న. నా పేరు హరీశ్, మాది సిరిసిల్ల. గీ బిల్డింగ్ ప్లాన్ గీసేది నేనే."

"నీడను రాస్కునే మనిషిని మా కోరుట్లల ఎన్నడు సూడలే. ఇటియ్యుండ్రి."

నోటుబుక్కు లాక్కుని చదివింది. 'తొమ్మిది పది: ఆరుగురు, పడమటి గోడ కింద. రెండున్నర: అందరూ తూర్పు వైపు. ఆకుపచ్చ చున్నీ: పొద్దున్నుంచి పదకొండు సార్లు బయటికి.'

ఆమె తన చున్నీ వంక చూసుకుంది. ఆకుపచ్చది.

"ఇది గూడ నీడేనా?"

హరీశ్ చెవులు ఎర్రబడ్డాయి. "దారం, బట్ట పట్టుకొని ఎండలకు అస్తున్నరు గదా. లోపట రంగు కలుస్తుందో లేదో కనవడ్తలేదు. గసొంటి గదిల ఎట్ల కుడ్తరు? అందుకే రాసిన."

"అందుకేనా?"

"ఎక్కువ అందుకే."

నవ్వు రాబోయింది, ఆపుకుంది. మంచిగా మాట్లాడే వాళ్లంటేనే ఆమెకు ఎక్కువ భయం.

తర్వాత అతను వారానికోసారి వచ్చాడు. వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న తెచ్చేవాడు. ఆమె పది ప్రశ్నలు వేసేది.

"ప్లాన్ పర్మిషన్ కోసం జగిత్యాల ఆఫీసుకు పోయచ్చిన," అంటే బస్సు టికెట్ చూపించమంది. చూపించాడు.

"మా ఇంట్ల కింద సాంచెలు, పైన మేము," అని చెప్పాడొకసారి. "మగ్గాల వేడంత పైకే అచ్చేది. పనీ ఇల్లూ ఒక్కకాడుంటే మంచిదే. గని ఒకటి ఇంకోదాన్ని సతాయించొద్దు."

"మాటలు బాగనే ఉన్నయి. మెట్ల కాడ రెయిలింగ్ ఎంత ఎత్తు?"

"మూడు ఫీట్లు."

"మూడున్నర పెట్టుండ్రి. కడ్డీలు నిలువు పెట్టాలె. అడ్డం పెడితే పిల్లలు ఎక్కుతరు, కింద పడ్తరు."

అతను అక్కడికక్కడే రాసుకున్నాడు. ఆ రాత మీద ఆమె చూపు కొంచెంసేపు ఆగింది. వెంటనే తీసేసుకుంది.

జూన్ వచ్చేసరికి పెంకుటిండ్లు కూల్చేశారు. అందరూ వెనక రేకుల షెడ్డులోకి మారారు. ముగ్గు పోసే రోజు, అంటే పునాది గీతలు సున్నంతో నేల మీద గీసే రోజు, మనీషా పొద్దున్నే వెళ్లి తన మూల కోసం వెతికింది. అక్కడ గీతే లేదు.

"మేస్త్రీ, నా గది ఏది?"

"గీ మూలకు గది లేదమ్మా. ఖాళీ ఇడువుమని సారు గీసిండు."

ఇన్నాళ్ల ప్రశ్నలూ, టికెట్లూ, రెయిలింగూ ఇందుకేనా? మనీషా ఆ ఖాళీలోనే కూర్చుంది. లసుమవ్వ చేట తెచ్చుకుని పక్కన కూర్చుంది. వెనకే మిగతా ఐదుగురు.

గొడుగు కింద కుర్చీలో ఉన్న నర్సింగ్ రావు లేచాడు. "ఏంది లసుమవ్వా, నా జాగల నా మీదనే ధర్నానా?"

"నీ జాగనే దొరా. ముప్పై ఏండ్లు కూసున్నం, ఇంకింతసేపు కూసుంటం."

అప్పుడే హరీశ్ బస్సు దిగి వచ్చాడు. మనీషా లేవలేదు.

"ఇన్ని దినాలు చున్నీల రంగులు రాస్కున్నవు. నా గది రాసుడు మర్శినవా?"

"గీ మూలకు పడమటెండ కొడ్తది మనీషా. గది కడితే పొయ్యి లెక్క కాల్తది. అందుకే గాలి తోవకు ఇడిసిపెట్టిన. తోవకు రెండు దిక్కుల అరుగులు. పొద్దుగాల ఒక దిక్కు నీడ, పైటాల్దాటితే ఇంకో దిక్కు. నీ గది ఉత్తరం దిక్కుంది. పెద్ద కిటికీ, పొద్దంత ఒక్కతీరు వెలుగు."

"ఉత్తరం గది నాదని యాడ రాసుంది?"

అతను ప్లాన్ విప్పాడు. ఉత్తరం గదిలో 'దుకాణం నంబర్ రెండు' అని ఉంది. అంతే.

"నా మనసుల ఉంది," అన్నాడు మెల్లగా.

"మనసుల ఉన్నది మేస్త్రీకి కనవడ్తదా?"

హరీశ్ పెన్ను తీసి ఆ గదిలో మనీషా పేరు, పక్క గదిలో అదే వరుసలో ఉండే పంక్చర్ షాపు శ్రీశైలం పేరు, అరుగుల మీద ఆరుగురి పేర్లూ రాశాడు. ప్లాన్ నర్సింగ్ రావు ముందు పెట్టాడు.

"సంతకం పెట్టుండ్రి సార్."

"నా మాట సాలదా? ఉత్తరం గదిని మెడికల్ షాపాయన అడుగుతుండు. ఇంక సోచాయిస్తున్న."

మనీషా అనుమానం తప్పు కాదు. అనుమానించిన మనిషే తప్పు.

"గట్లయితే ప్లాన్ మీద నా పేరు కొట్టెయ్యుండ్రి," అన్నాడు హరీశ్. అది అతని మొదటి పెద్ద పని. "పేర్లు లేకుంటే నేను ముగ్గు పోయించ."

పూజ చేయించడానికి వేములవాడ నుంచి వచ్చిన అయ్యగారు దగ్గారు. "ముహూర్తం ఇంక ఐదు నిమిషాలే ఉంది సార్."

నర్సింగ్ రావు అయ్యగారిని చూశాడు, కదలని ఆరు చేటలను చూశాడు, మబ్బును చూశాడు. పెన్ను లాక్కుని సంతకం పెట్టాడు.

ముగ్గు ముగిసిందో లేదో వాన. అందరూ షెడ్డులోకి పరుగెత్తారు. తలుపు దగ్గర హరీశ్, మనీషా మిగిలారు.

"ఆయన సంతకం వెట్టకుంటే నిజంగ పోయేటోనివా?"

"పోయేటోన్ని. బస్టాండు దాక."

"తర్వాత?"

"మళ్ల అచ్చేటోన్ని, వేరే పని మీద. బుధవారం మా అమ్మను తీస్కత్త."

"ఎందుకు?"

"జాకెట్ కుట్టియ్యనీకి."

"సిరిసిల్లల టైలర్లు లేరా?"

"మస్తుగున్నరు. గాల్లను పెండ్లి చేస్కోవాలని నాకు లేదు."

షెడ్డులో బీడీలు చుట్టే చేతులన్నీ ఆగిపోయాయి. మనీషా అతని ముఖాన్ని, జాకెట్ తిరగేసి లోపలి కుట్లు చూసినట్టు చూసింది.

"మీ అమ్మకు గీ ముచ్చట ఎరికేనా?"

"ఎరికే."

"ఫోన్ చెయ్."

చేసి స్పీకర్ పెట్టాడు. సాంచెల చప్పుడు మధ్య నుంచి ఒక ఆడగొంతు అరిచింది. "ఏమైందిరా, గా పిల్ల నమ్మిందా?"

మనీషా ఫోన్ అందుకుంది.

"ఇంక పూరా నమ్మలే అత్తమ్మా. బుధవారం జర పొద్దుగాలనే రాండ్రి. పైటాలకు మా అవ్వ బీడీలు అప్పజెప్పనీకి కార్ఖానాకు పోతది."