పొడి కార్బ్యురేటర్

లోవరాజు మీద కారు పడలేదు. పడేశారు.

"జాకీ జారి మెకానిక్ మృతి" అని పేపరు లోపలి పేజీలో నాలుగు లైన్లు వచ్చాయి. నర్సీపట్నంలో పాత కార్లు బాగుచేసే షెడ్డులో అతను మెకానిక్ అన్నంత వరకూ నిజమే. ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంటు రహస్యంగా పెట్టిన మనిషని మాత్రం ఊళ్లో ఎవరికీ తెలియదు.

ఏజెంట్ శ్రీదుర్గ షెడ్డుకు వెళ్లి చూసింది. జాకీ పక్కన చెక్కదిమ్మ పెట్టనిదే లోవరాజు ఏ బండి కిందికీ దూరడు. ఆ దిమ్మ గోడవారగా, బుద్ధిగా నిలబెట్టి ఉంది. చచ్చినవాడు లేచి సర్దిపెట్టినట్టు.

అక్కడి నుంచి అతని ఇంటికి వెళ్లింది.

"తాగి పడుకున్నాడంటన్నారమ్మా," అంది అతని భార్య మంగ. ఏడవటం లేదు. పళ్లు కొరుకుతోంది. "పెట్రోలు నోటితో లాగి లాగి, కూడే సయించేది కాదు ఆడికి. మందు ముట్టుకుంటాడేటి? నిన్న ఇద్దరొచ్చి ఇల్లంతా తిరగేసీసేరు. మీ ఆయన దేశాన్ని అమ్మీసేడన్నారు. అమ్మీసినోడి ఇల్లు ఇలాగుంటదా? మీరే సెప్పండి."

శ్రీదుర్గ బయటికి వచ్చి ఫోన్ తీసింది. కోపం వస్తే ఆమె గొంతు పైకి లేవదు, కిందికి దిగుతుంది.

ఫోన్‌లో చీఫ్ గోపీకృష్ణ విసుక్కున్నాడు. "ఫైల్ క్లోజ్ చేసేశాం. తీరంలో మన నేవీ సిగ్నల్స్ ఆరు నెలలుగా ఎవరో రికార్డు చేస్తున్నారు. ఆ రికార్డింగ్ ఇవాళ వింటేజ్ కార్ల ర్యాలీలో బయటికి పోతుందని ఇన్‌ఫర్మేషన్. అమ్మింది లోవరాజు. రిపోర్టు మన ఏజెంట్ వీరేంద్రది."

"లోవరాజు ఆఖరి మెసేజ్ సంగతేమిటి సార్?"

"'కార్బ్యురేటర్ పొడిగా ఉంది.' అదీ ఒక మెసేజేనా? వీరేంద్రకి సపోర్టుగా వెళ్లు. అతను చెప్పింది చెయ్."

ర్యాలీ మొదలయ్యే గ్రౌండ్‌లో ఏజెంట్ వీరేంద్ర పెళ్లికొడుకులా ఉన్నాడు. తెల్ల లినెన్ చొక్కా, నల్ల కళ్లద్దాలు, పది అడుగుల దూరానికి కొట్టే సెంటు. సెల్ఫీల కోసం ఆడపిల్లలు వరస కట్టారు. పక్కనే మెరూన్ రంగు కారు, పందొమ్మిదివందల యాభై ఆరు మోడల్. కోటవురట్లలో చెరకు తోటలున్న సింహాద్రమ్మగారిది. పోయిన భర్త జ్ఞాపకమని ఆవిడ అమ్మకుండా దాచుకుంటే, పైసా తీసుకోకుండా లోవరాజు పనిచేసే షెడ్డులోనే బాగుచేయించి ర్యాలీలో నడుపుతానని ఇతను ఒప్పించాడు.

"మా వదిన," అని ఆవిడకి శ్రీదుర్గని దొంగ వరసతో పరిచయం చేసి, చెవి దగ్గరికి వంగి నవ్వాడు. "పాపం లోవరాజు. మంచివాడే, డబ్బుకి పడిపోయాడు. ఈ కారు నేనే చెక్ చేశాను మేడమ్. స్వచ్ఛమైన పాత ఇంజన్. చిప్పు లేదు, వైరు లేదు. వింటేజ్ కార్లలో ఎలక్ట్రానిక్స్ ఉండవు కాబట్టి చెక్‌పోస్టు వాళ్లు స్కాన్ కూడా చెయ్యరు."

అడగని ప్రశ్నకి జవాబు చెప్పాడు. శ్రీదుర్గ అది గుర్తుపెట్టుకుంది.

"బయల్దేరదాం," అని అతను డోరు తీశాడు.

"ఎక్కడికి?" సింహాద్రమ్మ అడ్డం వచ్చింది. "పూజ సెయ్యకుండానే? మా ఆయన కారు కొబ్బరికాయ కొట్టకుండా గేటు దాటిందేటి ఎప్పుడైనా? పంతులుగారూ, బేగి రండి. వదినమ్మా, నువ్వు ఇంజనుకి బొట్టెట్టు."

వీరేంద్ర నవ్వు ఒక క్షణం కదలకుండా ఉండిపోయింది. అంతమంది ముందు వద్దనలేక బానెట్ ఎత్తాడు.

పసుపు కుంకుమల పళ్లెంతో శ్రీదుర్గ ఇంజన్ మీదికి వంగింది. పెట్రోలుని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే కార్బ్యురేటర్‌కి బొట్టు పెట్టింది. వేళ్లు దానికింద ఉన్న చిన్న గిన్నె మీదికి పోయాయి. ఆ గిన్నెలో ఎప్పుడూ పెట్రోలు నిలవ ఉండాలి. అతుకుల దగ్గర ఎంతోకొంత చెమ్మ, వాసన ఉండి తీరాలి. ఇందాకే షెడ్డు నుంచి నడిపి తెచ్చిన బండి ఇది. వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంది. పసుపు వాసన తప్ప మరేమీ లేదు.

పొడి.

నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. హారతి ఇచ్చేటప్పుడు బండి లైట్లు వెలగాలి, ఇంజన్ మాత్రం స్టార్ట్ కాకూడదు. ఇక్కడ అందరూ అలాగే చేస్తారు. "తాళం తిప్పు బాబూ," అన్నారు పంతులుగారు. వీరేంద్ర తిప్పాడు. కర్పూరం వెలిగింది. దణ్ణం పెడుతూ జనం మాటలాపేశారు.

ఆ నిశ్శబ్దంలో వెనక పెట్రోలు ట్యాంకులోంచి సన్నగా "జుయ్య్" మని రెండు క్షణాలు మోగి ఆగిపోయింది.

కరెంటు పంపు. ఇంజన్ హోరులో ఎన్నటికీ వినపడని చప్పుడు. పాత కారుకి ఉండకూడని చప్పుడు.

శ్రీదుర్గకి మొత్తం అర్థమైంది. పైన కనపడే కార్బ్యురేటర్ ఉత్త డొల్ల. దాని కడుపులో ఇంజెక్టర్లు దాచి, కొత్త కార్లలో ఉండే ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టారు. దాన్ని నడిపే కంప్యూటర్ డబ్బాలోనే నేవీ రికార్డింగులు. ఎప్పుడైనా దొరికిపోయినా, ర్యాలీ గెలవడానికి దొంగ ఇంజన్ పెట్టాడంటారు, దేశాన్ని అమ్మాడనరు. ఆ డొల్ల గిన్నె విప్పి చూసినందుకు లోవరాజుని చంపి, వాడి మీదే నేరం రాశాడు ఈ సెంటుగాడు.

కొబ్బరికాయ వాడి నెత్తిన కొట్టకుండా ఆమె తన్ను తాను ఆపుకుంది.

ఇప్పుడే పట్టుకుంటే కొనేవాడు తప్పించుకుంటాడు. ఆమె వెంట తెచ్చుకున్న కుంకుమ భరిణె అడుగున డిపార్ట్‌మెంటు ఇచ్చిన కందిగింజంత క్లిప్పు ఉంది. ఏ తీగకి తగిలిస్తే ఆ తీగని రిమోట్‌తో తెంపుతుంది, వంద మీటర్ల లోపుంటే. కార్బ్యురేటర్ వెనక నల్లగొట్టం చాటున దొరికిన తీగకి దాన్ని తగిలించి, పైన ఇంకో బొట్టు పెట్టింది. నిజంగా కార్బ్యురేటర్ బండే అయితే ఆ తీగ తెగినా దానికేమీ కాదు.

నిమ్మకాయలు చితికాయి. సింహాద్రమ్మ వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. "ఉపమాకలో దింపేస్తాను పిన్నిగారూ," అన్నాడు వీరేంద్ర.

శ్రీదుర్గ చీఫ్‌కి ఫోన్‌లో అంతా చెప్పి, ర్యాలీ వెనక వ్యానులో బయల్దేరింది. నక్కపల్లి దాటాక చీఫ్ జీపు వచ్చి ఆమెని ఎక్కించుకుంది. తనే నడుపుతున్నాడు, ముఖం ఎర్రగా ఉంది.

"వీరేంద్ర మన స్టార్ ఏజెంట్! పంపు మోగిందని, గిన్నె పొడిగా ఉందని అతన్ని పట్టుకోవాలా? తప్పని తేలితే నీ ఉద్యోగం పోతుంది."

"తేలకపోతే మంగ కాళ్ల మీద పడి మీరు క్షమాపణ చెప్పాలి. ముందు స్పీడు పెంచండి సార్."

పాయకరావుపేట. తాండవ వంతెన ఇవతల ఒక కంటైనర్ లారీ, వెనక తలుపులు తీసి, రేకు ర్యాంప్ దింపి ఉంది. తెల్లటోపీ విదేశీయుడు చెయ్యి ఊపుతున్నాడు. మెరూన్ కారు ర్యాలీ వరస విడిచి నేరుగా అటు తిరిగింది.

చీఫ్ గేరు మార్చాడు.

శ్రీదుర్గ రిమోట్ నొక్కింది. కారు ఆగలేదు.

"ఏమైంది?"

"దూరం ఎక్కువైంది. తొక్కండి!"

కారు ముందు చక్రాలు ర్యాంప్ ఎక్కాయి. తెల్లటోపీ తలుపు పట్టుకున్నాడు. ఆమె రిమోట్ మీద వేలు తియ్యకుండా నొక్కే ఉంచింది. వెనక చక్రాలు కూడా రేకు మీదికి వచ్చాయి.

ఇంజన్ టక్కున ఆగిపోయింది. కారు వెనక్కి జారి, దభీమని జీపు బంపర్‌ని గుద్ది నిలబడింది. వీరేంద్ర కీ తిప్పాడు. మళ్లీ తిప్పాడు. దిగి పరిగెత్తబోతే వెనక సీట్లోంచి ఒక చెయ్యి అతని కాలరు పట్టుకుంది.

"ఉపమాక ఎప్పుడో ఎల్లిపోయింది, దిగమంటే దిగనన్నాను. నా కారుని లారీ ఎక్కించేస్తావేట్రా, దొంగసచ్చినోడా?"

వెనక జీపులో వచ్చిన పోలీసులు తెల్లటోపీని లాగారు. వీరేంద్ర చొక్కా సర్దుకున్నాడు. "పాత బండి సార్, ఆగిపోయింది. దానికే ఇంత హడావిడా?"

శ్రీదుర్గ స్క్రూడ్రైవర్‌తో కార్బ్యురేటర్ మూత లేపింది. లోపల ఇంజెక్టర్లు మిలమిలలాడుతున్నాయి. "లోవరాజు దీన్ని చూసి చచ్చిపోయాడు. నువ్వు బతికి చూడు," అంది. గొంతు లేవలేదు.

చీఫ్ ఊడదీసిన కంప్యూటర్ డబ్బా చేతిలో పట్టుకుని తల దించుకున్నాడు. "ఫైల్ రేపు మారుస్తాను."

"ఇప్పుడే. ఫోన్ మంగకి చెయ్యండి. నా ముందు."

చేశాడు. లోవరాజు ఏ తప్పూ చెయ్యలేదు, తప్పు మాదేనని చెప్పాడు. "ఇదే మాట మా ఈదిలోకొచ్చి సెప్పండి, అందరూ ఇనీలాగ," అంది మంగ.

సింహాద్రమ్మ చితికిన నిమ్మతొక్క అంటుకున్న టైరు వైపు దిగులుగా చూస్తోంది. "నాలుగు కాయలు తొక్కించినా దిష్టి పోలేదేటమ్మా?"

"పోయింది పిన్నిగారూ," అంది శ్రీదుర్గ. "ఇందాకటిదాకా డ్రైవింగ్ సీట్లో కూర్చుంది. ఇప్పుడే జీపెక్కించారు."