ఏడు దాటాక మేడమీద గది

ఆ లైబ్రరీ మేడమీది గదిలో దెయ్యం ఉంది. ఇది నా మాట కాదు, ఆ వీధిలో ఎవర్నడిగినా చెప్తారు. ఎలా ఉంటుందయ్యా అని అడిగి చూడండి… ఒక్కడూ నోరు విప్పడు. పనుందండీ వస్తా, అని జారుకుంటాడు.

పోనీ అదేమన్నా పాడుబడ్డ గదా? కాదే! లైబ్రేరియన్ గారు ఏడేళ్ళు కమిటీవాళ్ళ చుట్టూ చెప్పులరిగేలా తిరిగి సాధించుకున్న గది. హైస్కూలు, కాలేజీ పిల్లల కోసమే. మూడు గోడల నిండా నవలలు, కిటికీ పక్క పుస్తకాల రాకు నిండా బొమ్మల నవలలు. కొత్త పుస్తకం వస్తే ముందు తను చదివి, చిన్న చీటీ రాసి అట్టకి క్లిప్పు పెట్టేది. “లెక్కలంటే భయమున్నవాళ్ళకి.” “అక్కతో మాటలు మానేసినవాళ్ళకి.” అంత ప్రేమ ఆవిడకి ఆ గదంటే.

ఏం లాభం! నాలుగు నెలలుగా అక్కణ్ణించి ఒక్క పుస్తకం గడప దాటలేదు. పగలు పిల్లలు రాకపోరు, వస్తారు. రాకు దగ్గర నిలబడతారు. ఈవిడ వెళ్ళి ఓపిగ్గా నాలుగు మంచి పుస్తకాలు చూపించేలోపు — మాయం. ఒళ్ళు మండిపోయేది ఆవిడకి. ఎవరికోసం చేస్తున్నాను ఇదంతా, అని రాకు మీద అరచేత్తో కొట్టి మరీ తిట్టుకునేది.

దానికి తోడు ఈ దెయ్యం ఒకటి.

రోజూ ఏడింటికి పైన లైట్లు ఆర్పేసి ఆవిడ ఇంటికెళ్ళిపోతుంది. కింద పేపర్లు చదివే హాలు మాత్రం ఎనిమిదిన్నర దాకా ఉంటుంది, అటెండరు చూసుకుంటాడు. పొద్దున్నే వచ్చి చూస్తే పైన కుర్చీలు జరిగుంటాయి. పుస్తకాలు చోటు మారుంటాయి. ఆవిడ రాసిన చీటీలన్నీ — ఒక్కటి వదలకుండా — బోర్లా తిప్పేసి ఉంటాయి.

“నవ్వులు వినపడతాయమ్మా,” అనేవాడు అటెండరు, గొంతు బాగా తగ్గించి. “నా ఎదురుగా ఈ మెట్లెక్కి ఎవరూ వెళ్ళరు… పైన నవ్వులు మాత్రం…”

“వెళ్ళి చూడలేకపోయావా?”

“నాకు పెళ్ళాం పిల్లలున్నారమ్మా.”

ఇలా ఉండగా ఆ మధ్యాహ్నం కమిటీ అధ్యక్షుడుగారు దిగబడ్డారు. ఇష్యూ రిజిస్టర్ తిరగేశారు. ఖాళీ… ఖాళీ… మళ్ళీ ఖాళీ.

“ఈ కాలం పిల్లలు చదవరమ్మా, ఊరికే ఆయాసపడకండి. రేపు పదింటికి వస్తాను. ఇందులో పుస్తకం ఇచ్చినట్టు ఒక్కటంటే ఒక్క ముద్ర చూపించండి, గది మీకే వదిలేస్తా. లేదా, పాత పేపర్ల కట్టలన్నీ ఆ గదిలో వేయిస్తా.”

ఏడేళ్ళ కష్టం — పాత పేపర్ల పాలు! ఆవిడకి ఏడవాలో అరవాలో తెలియలేదు. ఎవరో కావాలనే దెయ్యం పుకారు పుట్టించి పిల్లల్ని తరిమేస్తున్నారని తేల్చేసుకుంది. మనిషైతే జుట్టు పట్టుకోవాలి. దెయ్యమైతే… సరే, దాని సంగతీ చూడాలి.

ఏడయింది. లైట్లు ఆర్పింది. ఇంటికి మాత్రం వెళ్ళలేదు. కిటికీ రాకు వెనక సందులో ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

ఫోను వణికింది. వాళ్ళాయన.

“ఇంకా రాలేదేం?”

“దెయ్యాన్ని పట్టుకుని వస్తా,” గుసగుసగా అంది.

“దానికో పుస్తకం అంటగట్టకు. పాపం, అదీ పారిపోగలదు.”

పళ్ళు కొరికి ఫోను పెట్టేసింది.

ఏడుంబావు… ఏడున్నర. కళ్ళు చీకటికి అలవాటుపడ్డాయి గానీ గుండె పడలేదు. కింద ఎవరో పేపరు మడిచిన చప్పుడు. తర్వాత అదీ లేదు. కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఇదంతా నా పిచ్చి, అనుకుంటూ లేవబోయింది —

కిర్ర్…

కింద మెట్ల వైపు కాదు. వెనక గోడ వైపు. ఎప్పుడో గడియ విరిగిపోయిన తలుపు, దాని అవతల ఇనప మెట్లు. ఎవరూ వాడరని ఆవిడే మర్చిపోయిన తలుపు… మెల్లిగా తెరుచుకుంటోంది.

గోడమీద గుండ్రంగా వెలుతురు పడింది. కదిలింది. ఆగింది.

“రండి… ఇప్పుడు ఉండదు. ఏడు దాటితే అది వెళ్ళిపోతుంది.”

పిల్లలు! తొమ్మిదిమంది. ముందు టార్చి పట్టుకుని టైలరుగారి అమ్మాయి, చిట్టచివర బేకరీవాళ్ళ చిన్నోడు. చకచకా తలో పుస్తకం లాక్కుని నేలమీద చతికిలబడ్డారు. చిన్నోడొక్కడే దిక్కులు చూస్తూ నిలబడ్డాడు. పేజీలు తిరుగుతున్నాయి… ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆవిడకి పట్టరాని సంతోషం, అంతకు రెట్టింపు ఉక్రోషం. దొంగతనంగా చదివే బదులు ఒక్క ముద్ర వేయించుకుని చావచ్చు కదర్రా! లేచి అడిగేసేదే. ఇంతలో చిన్నోడు నోరు తెరిచాడు.

“అక్కా… అది పగలే వస్తుందా?”

“పగలే.”

ఆవిడ కాళ్ళు పీట మీదికి లాక్కుంది. పగలంతా ఆ గదిలో ఉండేది తనొక్కతే. తనతోపాటు… ఇంకేదో కూడానా?

“ఎలా ఉంటుంది?”

“చప్పుడుండదు. మెత్తటి చెప్పులు. నువ్వు పుస్తకం తీసి మొదటి పేజీ తిప్పుతావా… వెనకనుంచి చెయ్యొస్తుంది. నీ పుస్తకం పోతుంది. చేతిలో వేరేది ఉంటుంది.”

“అమ్మో!”

రాకు వెనక ఆవిడ కూడా ఓసారి వెనక్కి తిరిగి చూసుకుంది.

“పారిపోయావా, బతికిపోయావు. ఆ పుస్తకం ఇంటికి తీసుకెళ్ళావనుకో… తిరిగిచ్చే రోజు నీ కళ్ళలోకి చూస్తుంది. అడుగుతుంది…”

“ఏమని?”

టైలరుగారి అమ్మాయి గొంతు మారింది. తియ్యగా, సాగదీస్తూ…

“‘కథలో నీతి ఏమిటి నాన్నా? మూడు వాక్యాల్లో చెప్పు, చూద్దాం…’”

తొమ్మిదిమందీ నోళ్ళు నొక్కుకుని నవ్వారు. “నాలుగు నెలల కిందట నన్ను పట్టుకుంది,” అంది ఆ పిల్ల. “మళ్ళీ కార్డు బయటికి తీస్తే ఒట్టు. అందరికీ చెప్పేశా, ఆ గదిలో దెయ్యం ఉందని.”

మామూలుగా అయితే ఆవిడ కోపం నషాళానికంటాలి. అంటలేదు. ఏడుపొచ్చింది. తను ఎంత ప్రేమగా అడిగేది ఆ ప్రశ్న! రోజూ, ప్రతి పిల్లనీ, ప్రతి పిల్లాణ్ణీ! కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఒక్క మాట మాట్లాడకూడదు. వాళ్ళు చదువుకుని వెళ్ళిపోయాక తనూ ఇంటికి పోవాలి. రేపు గది పోతే పోయింది.

నిజంగా అలాగే అనుకుంది, పాపం.

కానీ బేకరీ చిన్నోడు కిటికీ రాకులోంచి లావుపాటి బొమ్మల నవలొకటి లాగాడు. టార్చి వెలుగు దాని అట్ట మీద పడింది. మూడో భాగం.

మొదటి భాగం చదవకుండా మూడోదా! చచ్చిందెవరో మొదటి బొమ్మలోనే తెలిసిపోతుందే! నోరు కట్టేసుకుంది సరే, ఏడేళ్ళు అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా? మొదటి భాగాన్ని తడిమి పట్టుకుని, రాకు పక్కనుంచి, చీకట్లోంచి… వాడి భుజం మీదుగా చాచింది.

“అది తర్వాత…” నోరూ ఊరుకోలేదు. “ముందు… ఇది…”

కేకలకి కిటికీ అద్దాలు అదిరాయి. టార్చి దొర్లిపోయింది. కుర్చీలు పడ్డాయి. తొమ్మిదిమందీ కాలికి బుద్ధి చెప్పారు, ఇనప మెట్లు దడదడలాడాయి. ఒక్కరైనా చేతిలో పుస్తకం కింద పడెయ్యలేదు! చిన్నోడు మూడో భాగం వదిలేసి, ఆవిడ చేతిలోంచి మొదటి భాగం లాక్కుని మరీ పరుగెత్తాడు.

ఆవిడ లైటు వేసి రాకుల్లో ఖాళీలు చూసుకుంది. కిందికి దిగి రిజిస్టర్ తెరిచింది. ఆ తొమ్మిది మొహాలూ ఆవిడకి తెలుసు, కార్డు నంబర్లు నోటికొచ్చు. ఒక్కొక్కటే రాసి, టక్కు టక్కున ముద్రలు వెయ్యడం మొదలెట్టింది.

బల్ల కిందనుంచి అటెండరు తల బయటికి వచ్చింది. “అమ్మా… చూశారా దాన్ని?”

“చూశాను. ఇకనుంచి ఏడు దాటాక ఈ ముద్ర నీ దగ్గరుంటుంది. పైనుంచి ఎవరేం పట్టుకొచ్చినా వేసి పంపించు. ఒక్క ప్రశ్న అడిగావో, చూడు!”

“అలాగేనమ్మా… అది ఎలా ఉందమ్మా?”

“మంచిదే,” అంది ఆవిడ, తొమ్మిదో ముద్ర వేస్తూ. “కాస్త నోరెక్కువ.”