వజీర్ భాయ్ కొట్లో రాగి పళ్లెం

పంజాగుట్ట సందులో వజీర్ భాయ్ పాత సామాన్ల కొట్టు. ఫణీంద్ర ఒక రాగి పళ్లెం తీసి, చింతపండుతో బాగా తోమించి ఇమ్మని అడుగుతుండగా వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"తోమితే అరవై ఏళ్ల రంగు పోతుందండీ. తళతళలాడేది కావాలంటే కొత్తదే కొనుక్కోవచ్చుగా."

తిరిగి చూశాడు. చేతిలో గొడుగున్నా సగం తడిసిపోయిన అమ్మాయి. ఆమె చూపంతా పళ్లెం మీదే ఉంది. చివరికి ఆ పళ్లెం ఆమే పట్టుకుపోయింది.

ఆమె పేరు మంజూష. బ్యాంకు ఉద్యోగం, అమీర్‌పేటలో హాస్టల్. ఫణీంద్ర మైత్రీవనంలో ఒక కోచింగ్ సెంటర్లో జావా పాఠాలు చెబుతాడు. ఇద్దరిదీ ఒకటే పిచ్చి: యాభైలు, అరవైల నాటి రాగి, పింగాణీ వడ్డన సామాను.

పళ్లెం పోయిన కోపం వారంలో చల్లారింది. ఆ తర్వాత ఆదివారాలన్నీ ఇద్దరూ కలిసే కొట్లు తిరిగారు. పగులుందేమోనని ఆమె పింగాణీ గిన్నెను గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకునేది. ఆ కాసేపూ అతను ఆమెనే చూసేవాడు.

అంతలో ఆమెకు రాజమండ్రి బదిలీ అయింది. వెళ్లే రోజు, రైల్వే స్టేషనుకు మెట్రో ఎక్కించడానికి సామాను పెట్టె మోసుకుంటూ అమీర్‌పేట మెట్రో ప్లాట్‌ఫారం దాకా వెళ్లాడు. చెప్పాల్సిన మాట దారంతా లోపలే వల్లించుకున్నాడు. తీరా మెట్రో రైలు వచ్చాక, గిన్నెల మధ్య దూది పెట్టారా అని అడిగాడు. పెట్టానంది. ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసి రైలెక్కింది.

తర్వాత అన్నీ ఫోటోలే. అతను కొన్నవి ఆమెకు పంపేవాడు, ఆమె కొన్నవి అతనికి. కింద "మీరుంటే బాగుండేది" అని టైప్ చేసి, చెరిపేసి, "పింగాణీ మెరుపు బాగుంది" అని పెట్టేవాడు.

వజీర్ భాయ్ ఒకరోజు నవ్వుతూ అన్నాడు. "గా మేడమ్ పోయినంక నువ్వు సామాన్ సూస్తలేవన్నా. దర్వాజ దిక్కే సూస్తున్నవ్."

శ్రావణంలో ఆమె మెసేజ్ వచ్చింది. శనివారం హైదరాబాదులో ఉంటుందట, కొట్టు దగ్గర కలుద్దామంది.

ఆ రోజు వజీర్ భాయ్ నీలం పింగాణీ పిడి ఉన్న రాగి కాఫీ జగ్గు తీసి ముందు పెట్టాడు. మంజూష దాన్ని చేతిలోకి తీసుకుని, మళ్లీ దొరకదు, కొనుక్కోమంది. ఫణీంద్ర వద్దన్నాడు. పగులుందా అని ఆమె అడిగింది.

"లేదండీ. ఏది కొన్నా మీకు చూపించాలనే కొంటున్నాను. ఫోటోల్లో చూపించడం ఇక నావల్ల కాదు. మీరు పక్కనుంటేనే కొంటాను, ఇవాళే కాదు, ఎప్పుడైనా."

మంజూష జగ్గును నెమ్మదిగా బల్ల మీద పెట్టింది. కళ్లు తడిగా ఉన్నాయి, పెదాలు మాత్రం నవ్వుతున్నాయి.

"అమ్మ పక్క హోటల్లో కూర్చుంది. మిమ్మల్ని చూడ్డానికే వచ్చింది. మీరు చెప్పకపోతే నేనే చెప్పేద్దామనుకున్నాను."

బయట వాన పట్టుకుంది. ఇద్దరూ ఒకే గొడుగు కింద హోటల్లోకి పరిగెత్తారు. మంజూష అమ్మ జానకీదేవి అతన్ని ఎగాదిగా చూసింది.

"దీని గిన్నెలతో ఇంట్లో కాలు పెట్టే చోటుండదు బాబూ. ఆలోచించుకున్నావా?"

"నా గదిలోనూ అంతేనండీ. కాస్త పెద్ద ఇల్లే చూస్తాను."

ఆవిడ నవ్వి, పక్క కుర్చీ మీది సంచీ తీసి కింద పెట్టింది.

"అయితే కూర్చో నాయనా. ఏం తింటావో చెప్పు."