పట్టీలు వేసిన బట్టీ

మంగళవారం పొద్దున కమలాదేవి ఉప్మాలోకి జీడిపప్పు వేయిస్తోంది. ఫోన్ చూసుకుంటున్న అపూర్వ చటుక్కున కుర్చీలోంచి లేచింది.

"నాన్నా, సిటీ కౌన్సిల్‌కి ఏం రాశారు?"

వెంకటాచలం గారు ఆర్ అండ్ బీలో ముప్ఫై ఆరేళ్లు చేసి రిటైరైన ఇంజనీరు. గోరంత బీట కనపడితే కొండంత రిపోర్టు రాయందే ముద్ద దిగదు. భార్యతో కూతురి దగ్గరికని ఇంగ్లండ్‌లోని స్టోక్ వచ్చి, శనివారం ఆమె గైడుగా చేసే పాత పింగాణీ ఫ్యాక్టరీ చూశారు. ఆదివారం రెండు పేజీల ఈమెయిల్ పంపారు.

"ఉన్నదే రాశాను. పింగాణీ కాల్చే ఆ బట్టీ చుట్టూ ఇనప పట్టీలు బిగించారు. పగిలాకే కదా కట్లు కడతారు. వెంటనే మూసేయమన్నాను."

"మూసేశారు. శుక్రవారంతో నా ప్రొబేషన్ అయిపోతుంది. సొంత తండ్రే కంప్లయింట్ ఇస్తే ఉద్యోగం ఉంచుతారా?"

"ఉంచకపోతే మళ్లీ సాఫ్ట్‌వేర్‌కి వెళ్లు."

"అదా సంగతి," అంది అపూర్వ. కళ్లు తుడుచుకుని బ్యాగు అందుకుంది.

కమలాదేవి పొయ్యి కట్టేసింది. "మీరు కట్టించిన మన మేడమెట్లు వంకరపోతే ఒక్క ముక్క రాశారా? పదండి, చేసిన ఘనకార్యం చూద్దురుగాని."

ఫ్యాక్టరీ పెరట్లో సీసా ఆకారపు బట్టీ ముందు అపూర్వ పాత డ్రాయింగు నకలు విప్పింది. తండ్రి మొహం మాత్రం చూడలేదు.

"ఇవి రిపేరు పట్టీలు కావు. కట్టినప్పుడే వేశారు, చూడండి. మంట పెడితే ఇటుక ఉబ్బుతుంది, చల్లారితే సర్దుకుంటుంది. నూట యాభై ఏళ్లు విచ్చుకుపోకుండా పట్టుకున్నవి ఇవే."

ఆయన కళ్లద్దాలు సర్దుకుని డ్రాయింగు చదివారు. తేదీ చదివారు. మళ్లీ చదివారు.

"మరి ఆ పక్క పనిగదికి మెట్లు బయట ఎందుకు పెట్టారు?" గొంతు తగ్గింది.

"లోపలుంటే పనివాళ్ల బల్లలకి చోటు పోతుందని."

"బాగా ఆలోచించారే." డ్రాయింగు మడిచి కూతురికిస్తూ అన్నారు, "సాఫ్ట్‌వేర్ మాట కోపంలో అన్నాను. రోజూ నువ్వు దాని లోపల నిలబడతావు. మీద పడుతుందేమోనని శనివారం నుంచి నిద్ర లేదమ్మా."

అక్కడే బెంచీ మీద కూర్చుని ఫోన్లో రెండో ఉత్తరం కొట్టారు. నా రిపోర్టు తప్పు, నాకు తెలియనిది గైడు నేర్పింది అని రాశారు. ఆయన రిపోర్టు వెనక్కి తీసుకోవడం కమలాదేవి మొదటిసారి చూసింది. సంతకం దగ్గర హోదా లేదు. 'అపూర్వ తండ్రి' అని ఉంది.

ఫోన్ అందుకుని చదువుతుంటే అపూర్వకి అక్షరాలు మసకబారాయి. ముక్కు ఎగబీల్చి ఫోన్ తిరిగిచ్చింది.

"ఇంజనీరని కూడా రాయండి నాన్నా. ఒట్టి తండ్రి మాట ఎవరు నమ్ముతారు?"

ఆయన రాశారు, 'అపూర్వ తండ్రి' కిందే.