నాలుగో రాయి

దానయ్య వలలో ఆ ఉదయం ఒక నీళ్ళ సీసా పడింది. వలలో ప్లాస్టిక్ పడటం వింతేమీ కాదు, కృష్ణలో ఇప్పుడు చేపలకంటే అవే ఎక్కువ. విసిరెయ్యబోయిన దానయ్య చెయ్యి మధ్యలో ఆగిపోయింది. మూత బిగించిన ఆ ఖాళీ సీసా మెడకు ఒక నల్లటి మొలతాడు కట్టి ఉంది. తాడు చివర నల్లబడిన వెండి గజ్జె, ముడిలో ఒక చిల్లికాణీ.

చేపలు కొనడానికి రేవుకు వచ్చిన ఉలిగమ్మ ఆ కాణీని చూసి బుట్ట కింద పడేసింది.

"ఇది మా మద్దిలేటిది! ఈ తాడు నా చేతుల్తో పేనినా. కాణీ మా అవ్వది," అంది. "యాడ దొరికిందప్పా నీకు?"

దానయ్య నీళ్ళ మధ్యకు చెయ్యి చూపించాడు. అక్కడ, ఉదయపు మసకలో, చుక్కలకొండ వీపు వంచుకుని కూర్చుని ఉంది.

చుక్కలకొండ ఒకప్పుడు నిజంగా కొండే. దాని నెత్తిన ఏ పాలెగాడో కట్టిన కోట, పాదం దగ్గర సంగాలపాడు అనే ఊరు. ఆనకట్ట వచ్చి ఊరు మునిగింది, మనుషులు పైనున్న కాలనీకి చేరారు, కొండ దిబ్బ అయి నీళ్ళ మధ్య మిగిలింది. నీళ్ళు రాకముందే ఊరి పెద్దలు చుక్కలమ్మ తల్లిని, ఆమె నగలను కోట కింది గుహలోకి మోసి దాచారట. దాచినవాళ్ళు దారి చెప్పకుండానే పోయారు. నిరుడు ఎండాకాలంలో ఉలిగమ్మ తమ్ముడు మద్దిలేటి ఆ నగలు తెస్తానని ఒంటరిగా వెళ్ళాడు. పడవ మాత్రం తిరిగొచ్చింది. ఈతగాళ్ళు వచ్చేసరికి వానకు గుహ మూతి మళ్ళీ మునిగిపోయింది, వెతికి చేతులెత్తేసి వెళ్ళారు.

అప్పటినుంచి మద్దిలేటి భార్య సుంకులమ్మ ప్రతి సాయంత్రం రెండు కంచాలు పెడుతోంది. గాజులు తియ్యమన్న పెద్దలను గుమ్మంలోంచే తిప్పి పంపింది. "ఆయప్పను చూపియ్యండి, తీస్తా," అంది. మనిషి మాత్రం తాడులా సన్నబడిపోయింది. రెండో కంచంలోని రొట్టె పొద్దున్నే కుక్కకు వేస్తూ ఆమె ఏడవకపోవడాన్నే ఉలిగమ్మ చూడలేకపోయేది. ఉన్నాడో లేడో తేలాలి. అది తేల్చుకోవడానికే ఉలిగమ్మ చుక్కలకొండకు ప్రయాణం కట్టింది.

ఆ సాయంత్రమే ఆమె వసారాలో మంతనం జరిగింది. ఉలిగమ్మ మరిది బజారి బొగ్గుముక్కతో నేలంతా కోట గీసేశాడు. ఆటోలు బాగుచేసే బజారికి నోరు ఇంజనులాంటిది, ఒకసారి మొదలైతే ఆగదు.

"ఆ గజ్జె చుక్కలమ్మదే. అది దొరికిందంటే నగలుండాయనే కదా వదినా! తాళ్ళు నేను తెస్తా, బ్యాటరీ లైట్లు నేను తెస్తా. తల్లికి సగం, మనకు సగం!"

"నేను పోయేది నగలకు కాదు బజారీ."

"నువ్వు తమ్మునికి పో, నేను నగలకు వస్తా. పడవ ఒకటే కదా!"

దానయ్య శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డునుంచి ఎప్పుడో వలస వచ్చి ఈ నీళ్ళమీద బతుకుతున్న మనిషి. చివరికి చుట్ట ఆర్పి అన్నాడు.

"నాను తీసుకెల్తానమ్మా. కానీ నా మాట ఇనాల. తెల్లారగట్ల బయల్దేరాల, మద్దేనం గాలి లేసేలోపు తిరిగి రావాల. ఆ గుహ మూతి ఇప్పుడే నీల్లపైకి తేలింది. ఒక్క పెద్దవాన పడితే మల్లీ మునిగిపోద్ది. ఇంకోటి, రాయి పెట్టాల."

"ఏం రాయి?" అన్నాడు బజారి.

"గట్టు దాటి ఎల్లే మనిసి రేవులో తన చేత్తో ఒక రాయి పెట్టి ఎల్తాడు. తిరిగొచ్చి తన రాయి తనే తీసి వెనక్కి నీల్లలో పడేత్తాడు. ఎన్ని రాల్లు పెడితే అంతమంది రావాల. మా తాతలనాటి నుంచీ ఇదే. తప్పితే గంగమ్మ ఊరుకోదు."

బజారి నవ్వబోయి దానయ్య మొహం చూసి మానుకున్నాడు.

రొట్టెలు, ఊరిబిండి పచ్చడి, నీళ్ళ క్యాను, తాళ్ళు, కర్పూరం పడవలోకి ఎక్కించేసరికి తూర్పు తెల్లబడుతోంది. దానయ్య ఒక రాయి పెట్టాడు. బజారి ఒకటి పెట్టి దానికి దండం కూడా పెట్టాడు. ఉలిగమ్మ తన రాయి పెట్టింది. వాళ్ళిద్దరూ పడవ నెడుతుండగా, చూసేవాళ్ళు లేరని తెలుసుకుని, వంగి ఇంకొక రాయి పెట్టింది. నున్నటి నల్లరాయి. ఎన్ని రాళ్ళు పెడితే అంతమంది రావాలన్నాడు కదా! తమ్ముణ్ణి తీసుకురావడానికే కదా పోతోంది! ఆమె మనసులో అంతకుమించి ఏమీ లేదు.

నీళ్ళు తెడ్డుకు తప్ప దేనికీ కదలడం లేదు. మునిగిన ఊరిమీదుగా పోతున్నారు. ఒకచోట పైకి తేలిన చింతమోడుమీద నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది. ఆ తర్వాత ఒక్క పిట్ట కూడా కనబడలేదు. చుక్కలకొండ దగ్గరయ్యేకొద్దీ బజారి మాటలు తగ్గాయి. బజారి మాటలు తగ్గడమంటే మామూలు సంగతి కాదు.

కోటమెట్లు నీళ్ళలోంచి నేరుగా పైకి లేచాయి. వాటి పక్కనే బండల మధ్య గుహమూతి, బురద ఇంకా తడారకుండా, నల్లగా నోరు తెరుచుకుని ఉంది. లోపలినుంచి చల్లటి గాలి తగిలింది. ముక్కిపోయిన వాసన, గబ్బిలాల వాసన.

"నా యెనకే రండి," అన్నాడు దానయ్య. "సముద్రంమీద మంచు కమ్మితే మేం పేర్లు పలుక్కుంటాం. ఇక్కడా అంతే. నాను పలకగానే వరసగా పలకండి. ఎవరి గొంతు రాకపోయినా అందరం ఆగాల."

నడుములు వంచి లోపలికి దూరారు. గోడలు చెమ్మతో నిగనిగలాడుతున్నాయి. ఒక మలుపు తిరిగేసరికి వెనక వెలుతురు పోయింది.

"దానయ్య ఉన్నా!"

"ఉలిగమ్మ ఉన్నా!"

"బజారి ఉన్నా!"

గుహ నిశ్శబ్దం. మళ్ళీ నడక. గబ్బిలాలు ఒక్కసారిగా లేచి మొహాలమీదుగా పోయాయి. బజారి అమ్మోయ్ అని అరిచి వదిన కొంగు పట్టుకున్నాడు. ఇంకో మలుపు, దిగుడు, మోకాలిలోతు నీళ్ళు.

"దానయ్య ఉన్నా!"

"ఉలిగమ్మ ఉన్నా!"

"బజారి ఉన్నా!"

"ఉన్నా."

నాలుగో గొంతు వెనకనుంచి వచ్చింది. నెమ్మదిగా, అలసిపోయిన మనిషి పలికినట్టు.

ముగ్గురూ కొయ్యబారిపోయారు.

"ఎకో! ఎకో వదినా అది," అన్నాడు బజారి, పళ్ళు టకటకలాడుతుండగా.

"ఎకో అయితే మన ముగ్గురి గొంతులకీ రావాల గదేటి," అన్నాడు దానయ్య. లైటు ఉలిగమ్మ మొహంమీదికి తిప్పాడు. "అమ్మా, నిజం సెప్పు. రేవులో ఎన్ని రాల్లు పెట్టావు?"

ఉలిగమ్మ తల వంచుకుంది. "రెండు. నాకొకటి, మా తమ్మునికొకటి."

"ఒలమ్మా! ఎంత పని సేసినావు తల్లీ! నాలుగు రాల్లకి నలుగురు రావాల. ఆడు రాకపోతే మన ముగ్గురం కూడా గట్టు సేరం!"

"వెనక్కి పోదాం," అన్నాడు బజారి.

"పోను," అంది ఉలిగమ్మ. "అది మావాని గొంతు. నా చంకనేసుకుని పెంచినా, నాకు తెలీదా?"

ఆమె దానయ్యను దాటుకుని ముందుకు నడిచింది. గుహ ఒక్కసారిగా విశాలమైంది. ఎదురుగా గోడలో తొలిచిన గూట్లో చుక్కలమ్మ, నల్లరాతి విగ్రహం, కళ్ళు మాత్రం వెండివి. లైటు పడగానే ఆ కళ్ళు తెరుచుకున్నట్టే అయింది. తల్లి పాదాల దగ్గర ఇత్తడి గంగాళం, అందులో కాసుల పేర్లు, వడ్డాణాలు, కడియాలు. పైన గోడకు ఆనుకుని పెద్ద బండ. దాని జోడు బండ ఎప్పుడో జారి నేలమీద పడి ఉంది, పక్కనే నీళ్ళు పారే సన్నటి కాలువ.

పడిన బండ అంచున తుప్పుపట్టిన బ్యాటరీ లైటు. ఒక చెప్పు. ఇంకా లోపలికి చూసిన దానయ్య చప్పున ఉలిగమ్మకు అడ్డం నిలబడ్డాడు. అయినా ఆమె చూసింది. బండ వెనకనుంచి బయటికి చాచిన ఒక చెయ్యి, ఎముక మాత్రమే మిగిలిన మణికట్టుకు తను తిరునాళ్ళలో కొనిచ్చిన స్టీలు కడియం. చెయ్యి కాలువ వైపు చాచి ఉంది.

కాళ్ళమీద బండ పడి, కదల్లేక, అందిన గజ్జెకు తన మొలతాడే విప్పి కట్టి, తాగేసిన నీళ్ళ సీసాకు తగిలించి కాలువలో వదిలాడు. ఎవరికైనా దొరకాలని. ఎవరికి దొరుకుతుందని అనుకున్నాడో ఉలిగమ్మకు తెలుసు. ఆమె నేలమీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ ఏడుపు మధ్యలో బజారి మెల్లగా గంగాళం వైపు జరిగాడు. చెడ్డవాడేం కాదు. కానీ అంత బంగారం చూశాక వాడి చేతులు వాడి మాట వినలేదు. వంగి ఒక కాసులపేరు పట్టుకోబోయాడు.

"ముట్టొద్దు రా బజారీ!"

అదే నాలుగో గొంతు. గుహ అదిరింది. బజారి వెనక్కి ఎగిరి పడ్డాడు. అదే క్షణంలో గోడకు ఆనిన బండ కర్రుమని కదిలి, వాడు వంగిన చోటికే వచ్చి పడింది. గంగాళం దానికింద అణిగిపోయింది. దుమ్ములేచి ఊపిరాడలేదు. లైట్లు ఎగిరి కాలువలో పడి ఆరిపోయాయి. చిమ్మచీకటి.

"పలకండి!" అని అరిచాడు దానయ్య. "దానయ్య ఉన్నా!"

"ఉలిగమ్మ ఉన్నా!"

"బజారి... ఉన్నా, మా అమ్మ తోడు, నాకేం వద్దు, ఇంటికి పోదాం!"

"ఉన్నా," అంది నాలుగో గొంతు. ఈసారి వెనకనుంచి కాదు, ముందునుంచి. "ఇట్ల రా అక్కా."

ఉలిగమ్మ ఒక చేత్తో దానయ్యను, ఇంకో చేత్తో బజారిని పట్టుకుని ఆ గొంతు వెంట నడిచింది. తల తగిలేచోట "వంగు" అంది గొంతు, లోతు వచ్చేచోట "పక్కకు" అంది. పైనుంచి రాళ్ళు రాలుతున్నాయి. ఎంతసేపు నడిచారో వాళ్ళకే తెలియదు. బయటి వెలుతురు కళ్ళలో పడేసరికి ముగ్గురూ బురదలో బోర్లా పడి రొప్పుతున్నారు. వెనక గుహ మూతి రాళ్ళతో పూడుకుపోయింది.

అప్పటికే గాలి లేచింది. నీళ్ళు తెల్లగా తిరగబడుతున్నాయి. పడవ ఎక్కారు. ముగ్గురూ ముందువైపు కూర్చున్నారు. వెనక పీట ఖాళీ. అయినా పడవ వెనక్కే దిగబడి ఉంది.

దానయ్య అది చూశాడు. తెడ్డు వేశాడు. అలలు పడవను ఎత్తి కుదేస్తున్నా అది ఒక్కసారి కూడా పక్కకు ఒరగలేదు. "ముగ్గురే అయితే ఈ గాలికి ఎప్పుడో బోల్తాపడిపోదుం," అన్నాడు చివరికి, వెనక్కి తిరక్కుండా. బజారి కళ్ళు గట్టిగా మూసుకుని దేవుళ్ళ పేర్లన్నీ తల్చుకుంటున్నాడు.

రేవులో సుంకులమ్మ నిలబడి ఉంది. ఎవరో చెప్పినట్టున్నారు. చేతిలో గుడ్డ కప్పిన కంచం. పడవ ఒడ్డుకు తగలగానే ముగ్గురి మొహాలూ చూసింది.

"దూరం నుంచి నలుగురు కనిపించినారే వదినా!" అంది. "నాలుగో మనిషి యాడ?"

ఉలిగమ్మ ఆమెను గట్టిగా పట్టుకుని అంతా చెప్పింది. బండ, కడియం, చాచిన చెయ్యి, దారి చూపించిన గొంతు, ఏదీ దాచలేదు. మొలతాడు తీసి ఆమె చేతిలో పెట్టింది.

దానయ్య తన రాయి తీసి వెనక్కి విసిరాడు. బజారి విసిరాడు. ఉలిగమ్మ విసిరింది. తీసేటప్పుడు ఆ మూడు రాళ్ళూ ఎండకు కాలుతున్నాయి. నాలుగోది మాత్రం తడిగా, చల్లగా ఉంది.

"ఇది తీసేవోడు లేడు," అన్నాడు దానయ్య. "ఆడు వచ్చేడు, మనతోటే వచ్చేడు. ఇక్కడే వదిలితే ఈ రేవులోనే ఉండిపోతాడు. ఇంటికి తీసుకెల్తే ఇంటికొస్తాడు. నీల్లలో ఏత్తే తన దారిన ఎల్లిపోతాడు. నీ ఇట్టం తల్లీ."

సుంకులమ్మ ఆ రాయిని తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. చాలాసేపు దాన్ని అరచేత్తో నిమురుతూ కూర్చుంది. కట్టేసిన పడవ ఇంకా వెనక్కి దిగబడే ఉంది, ఎవరో దిగడానికి ఆమె మాటకోసం చూస్తున్నట్టు. ఇంటికి తీసుకుపోతుందేమోనని ఉలిగమ్మకు భయం వేసింది. ఆ భయం వేసినందుకు సిగ్గు కూడా వేసింది.

సుంకులమ్మ కంచంమీది గుడ్డ తీసి, రొట్టె తుంచి, ముక్కముక్కగా నీళ్ళలో వేసింది. లేచి నీళ్ళకు వీపు తిప్పి నిలబడింది. గడపదాటే మనిషిని మనవైపు ఎవరూ పో అనరు, పోయిరా అంటారు. ఏడాదిపాటు ఆమె ప్రతి సాయంత్రం ఆ రెండో మాటే మనసులో అనుకుంటూ బతికింది.

"పో మామా," అంది సుంకులమ్మ. "ఇంగ పో."

రాయి నీళ్ళలో పడింది. వెనక పడవ తేలికై, ఒక్కసారి పైకి లేచి ఊగింది. అప్పుడు ఏడ్చింది సుంకులమ్మ, రేవంతా వినబడేలా, గాజుల చేతులతో నేలను కొట్టుకుంటూ. ఉలిగమ్మ ఆమెను ఆపలేదు. ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఒక్క కంచమే పెట్టారు.